పరుగుకు తట్టుకునే రీలు

దుకాణంలో రీలు చేతికందగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే: హ్యాండిల్ పట్టుకుని గిరగిరా తిప్పడం. నున్నగా తిరిగితే మంచిదనీ, గరగరమంటే చెడ్డదనీ అక్కడే తేల్చేస్తారు. ఆ తర్వాత పెట్టె మీద బేరింగులెన్నో చూస్తారు, డ్రాగ్ ఎన్ని కిలోలో చూస్తారు, ధర అడుగుతారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, గడ్డిచేప లాంటి కార్ప్ జాతి చేపల కోసం కొనే రీలుకు ఈ పరీక్ష చాలదు. ఈ చేపల విషయంలో రీలు అసలు పని మొదలయ్యేది మనం హ్యాండిల్ ముట్టుకోకుండా కూర్చున్నప్పుడు.

కార్ప్ జాతి చేపకు దవడల్లో పళ్లుండవు. ఎరను నోటితో పీల్చుకుంటుంది, అనుమానం వస్తే ఉమ్మేస్తుంది. గేలం గుచ్చుకున్న క్షణంలో మాత్రం ఆలోచన ఉండదు, లోతుకో తుంగ పొదల్లోకో ఉరుకుతుంది. ఎనిమిది కిలోల బొచ్చె అలా ఉరికితే కళ్లు మూసి తెరిచేలోపు పది మీటర్ల లైను పోతుంది. లైను తెగినా, ముడి జారినా, నోటి చర్మం చిరిగి గేలం ఊడినా ఎక్కువగా ఆ మొదటి ఉరుకులోనే. లేదంటే అంతా అయిపోయిందనుకున్నాక, ఒడ్డున చేతివల చూసి అది మళ్లీ ఉరికినప్పుడు. ఈ రెండు చోట్లా రీలు చేయాల్సిన పని లైను చుట్టుకోవడం కాదు, తడబడకుండా ఇవ్వడం. ఈ అధ్యాయంలో నమ్మకమైన రీలు అన్న ప్రతిచోటా నా ఉద్దేశం ఇదే: మొదటి రోజు ఎంత సాఫీగా లైను ఇచ్చిందో, బురదా దుమ్మూ తిన్న మూడో ఏడూ అంతే సాఫీగా ఇచ్చేది.

డ్రాగ్‌ను ముందు చూడండి

స్పూలు లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచని బిళ్లలుంటాయి. లోహపు బిళ్ల, దాని మీద ఒత్తిన ఉన్నితోనో కార్బన్ నారతోనో చేసిన మెత్తని బిళ్ల, మళ్లీ లోహం. నాబ్ బిగిస్తే ఇవి ఒకదాన్నొకటి అదుముకుంటాయి. చేప లాగే బలం ఈ రాపిడిని మించినప్పుడు స్పూలు వెనక్కి తిరిగి లైను వదులుతుంది. డ్రాగ్ అంటే ఇంతే, కానీ మంచిచెడ్డలన్నీ ఇందులోనే ఉన్నాయి.

కదలకుండా ఉన్నదాన్ని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉంచే బలం కంటే ఎక్కువ. బడిలో చదివిన ఈ ఘర్షణ సూత్రమే గట్టు మీద చేపను పోగొడుతుంది. నాసిరకం డ్రాగ్ రెండు కిలోల దగ్గర జారేలా బిగించి ఉన్నా, మొదటి కుదుపుకు మూడున్నర కిలోల దాకా అంటుకుపోయి, తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది, మళ్లీ అంటుకుంటుంది. రాడ్డు కొన వణకడం చూస్తే ఇది కనిపెట్టవచ్చు. గాలిపటం ఎగరేసిన వేళ్లకు ఈ సంగతి బాగా తెలుసు: గాలి లాగినప్పుడు దారం బిగబట్టినా తెగుతుంది, ఒక్కసారి వదిలినా పటం తలకిందులవుతుంది, వేళ్ల మధ్య ఒరుసుకుంటూ పోనివ్వాలి. మంచి డ్రాగ్ అలా వేళ్లలా పనిచేస్తుంది.

అందుకే దుకాణంలో హ్యాండిల్ తిప్పే ముందు స్పూలుకు నాలుగు మీటర్ల లైను చుట్టించండి. ఇష్టపడని దుకాణదారు ఉంటాడు, అడగడం మాత్రం మన హక్కు. డ్రాగ్ వదులుగా పెట్టి, లైనును అది మలుపు తిరిగే చిన్న చక్రం (రోలర్) మీదుగా తీసి, ముందు చాలా నెమ్మదిగా లాగండి. స్పూలు ఎక్కడా ఆగి దూకకూడదు. కొంచెం బిగించి మళ్లీ లాగండి. ఈసారి ఒక్కసారిగా గుంజండి. మొదటి కదలికలో చేతికి దెబ్బ తగిలినట్టు అనిపిస్తే ఆ రీలును పక్కన పెట్టండి. నాబ్‌ను పావు చుట్టు తిప్పినప్పుడు బిగువు కొద్దిగా మారాలి. పావు చుట్టుకే వదులు నుంచి రాయిలా బిగిసిపోయే డ్రాగ్‌తో గట్టు మీద సర్దుకోవడం కష్టం.

పెట్టె మీద రాసిన గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలా, 15 కిలోలా అన్నది మనకు దాదాపు అక్కర్లేని అంకె. 0.35 మిల్లీమీటర్ల నైలాను లైను సుమారు ఏడు కిలోల దగ్గర తెగుతుంది, ముడి పడిన చోట ఇంకా ముందే. డ్రాగ్‌ను లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ లెక్కన మనం వాడేది రెండు కిలోలు, అటూ ఇటూ. 15 కిలోల శక్తి ఉండి రెండు కిలోల దగ్గర తడబడే డ్రాగ్ కంటే, ఆరు కిలోలకే పరిమితమై రెండు కిలోల దగ్గర వెన్నలా జారేది ఎంతో మేలు.

బిళ్లల రకం గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఒత్తిన ఉన్ని బిళ్లలు నూనె పట్టి ఉంటే తక్కువ బిగువు దగ్గర చాలా సాఫీగా పనిచేస్తాయి, కానీ బిగించి వదిలేస్తే అణగారిపోతాయి. కార్బన్ బిళ్లలు వేడికి తట్టుకుంటాయి, ఎక్కువ కాలం ఆగుతాయి. మన చేపలకు రెండూ చాలు. డ్రాగ్ నాబ్ రీలుకు ముందున్నవాటిలో స్పూలు లోపలే పెద్ద బిళ్లలు పడతాయి, అందుకే అవి సాఫీగా ఉంటాయి. వెనక ఉన్నవాటిలో బిళ్లలు చిన్నవి. చేప గేలానికి ఉండగా చెయ్యి వెనక్కి పోనిచ్చి సర్దుకోవడం సులువే, కానీ పెద్ద చేపల కోసం కొనేవారికి నా సలహా ముందు నాబ్ ఉన్నదే.

చాలా పుస్తకాల్లో కనిపించని సంగతి ఇంకొకటుంది. లైను పోయేకొద్దీ స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది. బిళ్లల బిగువు మారకపోయినా లైను మీద పడే లాగుడు పెరుగుతుంది. చుట్ట వ్యాసం 60 మిల్లీమీటర్ల నుంచి 40కి తగ్గిందంటే, రెండు కిలోల దగ్గర పెట్టిన డ్రాగ్ మూడు కిలోల దగ్గర గానీ జారదు. చేప దూరం వెళ్లిన కొద్దీ లైను బిగుసుకుపోయినట్టు అనిపించడం భ్రమ కాదు. వెడల్పాటి స్పూలున్న రీలులో వంద మీటర్లు పోయినా చుట్ట అంతగా సన్నబడదు. పెద్ద రీలు కొనడానికి నేనొప్పుకునే కారణాల్లో ఇది మొదటిది. చిన్న రీలే ఉన్నవారు చేప దూరం వెళ్లాక నాబ్‌ను కాస్త వదులు చేయడం అలవాటు చేసుకోవాలి. సాధారణంగా మన చెయ్యి అప్పుడే నాబ్‌ను బిగించడానికి పోతుంది, లైను తెగేదీ అప్పుడే.

రెండో డ్రాగ్ సంగతి

ఇంగ్లండులో కార్ప్ వేటగాళ్లు 1970ల చివరి నుంచి ఎరను గేలానికి గుచ్చకుండా, గేలం పక్కన సన్నని దారానికి వేలాడదీయడం మొదలుపెట్టారు. లెన్నీ మిడిల్టన్, కెవిన్ మడాక్స్ రూపొందించిన ఈ పద్ధతికి హెయిర్ రిగ్ అని పేరు. బరువైన సీసంతో కలిపి వాడితే చేప తనంతట తానే గుచ్చుకుని పారిపోతుంది. రాడ్లు స్టాండ్ల మీద ఉంటాయి, మనిషి పక్కన కూర్చుని ఉంటాడు. లైను బిగించి ఉంటే రాడ్డు నీళ్లలోకి పోతుంది. వదులుగా వదిలేస్తే లైను చిక్కుపడుతుంది. ఈ ఇబ్బందికి జవాబుగానే 1980ల్లో షిమానో బైట్ రన్నర్ రీళ్లు తెచ్చింది. 1921లో జపాన్‌లోని సకాయ్‌లో సైకిలు ఫ్రీవీళ్లతో మొదలైన కంపెనీ అది. ఈ రీలు వెనక ఒక మీట ఉంటుంది. మీట వేస్తే స్పూలు రెండో, తేలికైన డ్రాగ్ మీద తిరుగుతూ లైను వదులుతుంది. హ్యాండిల్ ఒకసారి తిప్పితే మీట దానంతటదే పడిపోయి అసలు డ్రాగ్ అందుకుంటుంది. బైట్ రన్నర్ షిమానో పెట్టుకున్న పేరు. అదే ఏర్పాటును ఒకూమా బైట్ ఫీడర్ అంటుంది, పెన్ లైవ్ లైనర్ అంటుంది.

మన చెరువు గట్ల మీద తౌడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దతో అడుగున ఎర వేసి రెండు మూడు రాడ్లు పెట్టుకునేవారికి ఈ మీట నిజంగా అవసరం. ఒక రాడ్డుకు ఎర కడుతుండగా రెండోదాన్ని చేప లాక్కుపోవడం మనవాళ్లలో చాలామందికి తెలిసిన నష్టమే. బెండు కట్టి, రాడ్డు చేత్తో పట్టుకుని వేటాడేవారికి మాత్రం ఇది అనవసరపు బరువు. వారు మామూలు 3000 లేదా 4000 సైజు రీలు తేలికపాటిది తీసుకోవడం మంచిది.

మీట ఉన్న రీలు కొంటున్నప్పుడు పరీక్ష కూడా మీట మీదే పెట్టాలి. మీట వేసి, హ్యాండిల్ తిప్పి పడేయండి. కనీసం ఇరవై సార్లు అలా చేయండి. ఒక్కసారైనా సగంలో ఆగినా, రెండో ప్రయత్నానికి గానీ పడకపోయినా వద్దు. చవక రీళ్లలో మొదట అరిగిపోయే భాగం ఇదే. రెండో డ్రాగ్ నాబ్ కూడా తిప్పి చూడండి. గాలికీ, అలలకీ లైను జారిపోకుండా, చేప లాగితే మాత్రం ఇచ్చేంత సన్నగా సర్దుబాటు కావాలి.

మీటకు బదులు క్విక్ డ్రాగ్ ఉన్న పెద్ద రీళ్లు యూరప్‌లో ఎక్కువగా వాడతారు. వాటిలో ఒక చుట్టు లోపే డ్రాగ్ పూర్తి వదులు నుంచి పూర్తి బిగువుకు వస్తుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని కసియాన్ లాంటి విశాలమైన జలాశయాల్లో చాలా దూరం విసరడానికీ, వందల మీటర్ల లైను పట్టడానికీ పనికొచ్చే భారీ రీళ్లవి. వాటి ఫొటోలు చూసి మనసు పారేసుకునే ముందు మీరు ఏ నీటి మీద వేటాడతారో గుర్తు చేసుకోండి. ఊరి చెరువులో 40 మీటర్ల దూరం విసిరేవారికి అవి మోత బరువే.

సైజు, లైను పట్టు

రీలు మీద 5000, 6000 అని కనిపించే అంకెలకు కంపెనీలన్నిటికీ ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఒకరి 6000 ఇంకొకరి 4000 పక్కన చిన్నగా కనిపించవచ్చు. స్పూలు మీద చెక్కిన లైను పట్టును చూడండి. 0.35 - 250 అని ఉంటే ఆ మందం లైను 250 మీటర్లు పడుతుందని అర్థం. మీరు వాడేది 0.40 అయితే ఎంత పడుతుందో అక్కడే లెక్క వేసుకోవచ్చు: రెండు మందాల వర్గాల నిష్పత్తి తీసుకోవాలి. 0.35 వర్గం 0.1225, 0.40 వర్గం 0.16. 250ని మొదటిదానితో గుణించి రెండోదానితో భాగిస్తే సుమారు 190 మీటర్లు. మందం కొంచెం పెరిగితే పట్టు ఎంత తగ్గుతుందో చూశారా?

చెరువులకు 200 మీటర్లు సరిపోతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లాంటి విశాలమైన నీటి మీద వేటాడేవారు 300 మీటర్లు పట్టే స్పూలు చూసుకోవాలి. అల్లిన లైను వాడేవారు అడుగున కొన్ని చుట్లు నైలాను వేసి దాని మీద కట్టాలి, లేకపోతే మొత్తం చుట్ట స్పూలు మీద జారిపోతుంది, మనం డ్రాగ్ పాడైందనుకుంటాం. ఇక్కడే ఇంకో మాట: చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘాలది. రీలు కొనే ముందే సంఘంవారిని కలిసి అనుమతి మాట్లాడుకోండి. చేప పిల్లలు వదిలి, పెంచి, వాటి మీదే బతికేది వాళ్లు.

బేరింగుల లెక్క, అసలు బలం

10 ప్లస్ 1, 12 ప్లస్ 1 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. బేరింగు ఎక్కడుందన్నదే ముఖ్యం. పెద్ద గేరుకు రెండు వైపులా, చిన్న గేరు దగ్గర, లైను రోలర్ లోపల మంచివి ఉంటే నాలుగైదు చాలు. హ్యాండిల్ పిడిలో చేర్చి అంకె పెంచినవి చేపను పట్టవు.

వీటిలో లైను రోలర్‌ను అందరూ మరిచిపోతారు. బెయిల్ తీగ చివర, లైను మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రం అది. చేపతో జరిగే పోరాటమంతా ఆ చక్రం మీదుగానే సాగుతుంది. ఇసుక చేరి అది తిరగడం మానేస్తే లైను దాని మీద ఒరుసుకుని వేడెక్కి బలహీనపడుతుంది, మెలికలు కూడా పడుతుంది. లైనుకు కాస్త బరువు ఇచ్చి లాగి, రోలర్ తిరుగుతోందో లేదో కళ్లతో చూడండి. స్క్రూ విప్పి శుభ్రం చేసుకునే వీలుందా అని కూడా అడగండి.

తర్వాత బిగువు చూడాలి. హ్యాండిల్ పట్టుకుని పక్కకు ఊపండి, వదులు ఉండకూడదు. పెద్ద గేరులోకి నేరుగా స్క్రూలా బిగుసుకునే హ్యాండిల్, మడతపెట్టే బోల్టు రకం కంటే గట్టిది. రీలు కాలును ఒక చేత్తో, రోటర్‌ను ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. శరీరం వంగి గేర్లు మూలిగితే, పెద్ద చేప లాగినప్పుడు అవే పళ్లు అరుగుతాయి. శరీరం మొత్తం లోహమే కావాలన్న పట్టుదల అక్కర్లేదు, మంచి గ్రాఫైట్ కూడా నిలుస్తుంది. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌ను కూడా పరీక్షించండి: ముందుకు తిప్పి ఆపి, వెనక్కి గుంజితే ఒక్క పిసరు కూడా కదలకూడదు.

హ్యాండిల్ ఒక చుట్టుకు రోటర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే గేరు నిష్పత్తి గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు; దానికి ముందు రీలు ఎలా చుడుతుందో చూడాలి. ఈ రకం రీలుకు మూలం 1905లో బ్రాడ్‌ఫర్డ్ వస్త్ర వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ పేటెంట్ తీసుకున్న రీలు. మిల్లు కండె మీద నుంచి నూలు కొస పక్కకు జారినట్టే, స్పూలు కదలకుండా లైను దాని అంచు మీదుగా పోతుంది, రోటర్ చుట్టూ తిరిగి మళ్లీ చుడుతుంది. ఈ పనితనానికి ఒక షరతు ఉంది. చేప లాగుతూ డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పితే లైను ఒక్క అంగుళం కూడా లోపలికి రాదు, కానీ రోటర్ తిరిగిన ప్రతి చుట్టుకూ లైనులో ఒక మెలిక పడుతుంది. 4.8:1 రీలును అలా ఇరవై సార్లు తిప్పితే 96 మెలికలు. మరుసటిసారి విసరగానే లైను ఉంగరాలు చుట్టుకుని చిక్కుపడితే రీలును తిడతాం. చేప పోతుంటే చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసేయండి. అది ఆగాక రాడ్డు పైకెత్తి, దించుతూ చుట్టండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మూడు చవక రీళ్ల ధరకు ఒక మంచిది వస్తుందంటే ఆ ఒక్కటే కొనండి, కొన్నాళ్లు ఒక్క రాడ్డుతోనే వేటాడండి. రాడ్డూ రీలూ కలిపి అమ్మే సెట్లలో కోత పడేది సాధారణంగా రీలు లోపలి భాగాల్లోనే. పేరున్న కంపెనీ అయినా విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి. బెయిల్ స్ప్రింగు, డ్రాగ్ బిళ్లలు, రోలర్ బేరింగు, ఈ మూడూ మార్చుకోగలిగితే మామూలు రీలు కూడా పదేళ్లు నడుస్తుంది. దొరకకపోతే ఖరీదైనది కూడా రెండో ఏడాది అటక ఎక్కుతుంది. పేరున్న రీలును నమ్మశక్యం కానంత తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే, అసలు దాని బరువు ఎన్ని గ్రాములో కంపెనీ ప్రకటన చూసి, చేతికొచ్చాక తూకం వేయండి. నకిలీ తరచూ అక్కడే దొరికిపోతుంది.

వాడిన రీలు కొనడం తప్పేమీ కాదు. అయితే స్పూలు అంచును వేలితో తడమండి, చిన్న గాటు ఉన్నా లైను తెగుతుంది. రోలర్ మీద లైను కోసిన గాడి ఉందేమో చూడండి. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే, తెలియనివారెవరో విప్పి మళ్లీ బిగించారని అర్థం.

సంరక్షణ కష్టమేమీ కాదు. ఇంటికి రాగానే డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, బిళ్లలు అణగకుండా ఉంటాయి. తడిగుడ్డతో తుడవండి. కుళాయి కింద పెట్టి ధార కొట్టవద్దు, బకెట్లో ముంచవద్దు, దుమ్ము లోపలికి పోయేది ఆ నీళ్లతోనే. రోలర్‌కు ఒక చుక్క నూనె వేయండి, గేర్లకు ఏడాదికోసారి కొత్త గ్రీజు పెట్టండి. క్లచ్‌లోకి చిక్కటి గ్రీజు పోతే అది పట్టు తప్పుతుంది, అక్కడ జాగ్రత్త. ఎండాకాలంలో కారులో వదిలేస్తే నైలాను లైను ఆ వేడికి పాడవుతుంది.

కొత్త రీలు ఇంటికొచ్చాక చెరువుకు పోయే ముందు ఒక పని చేయండి. లైనును స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా చుట్టండి. రెండు లీటర్ల సీసాను నీళ్లతో నింపితే దాని బరువు రెండు కిలోలు. లైను కొసను సీసా మెడకు కట్టి, మేడ మీద నుంచో మెట్ల మీద నుంచో రీలును నేరుగా చేత్తో పట్టుకుని సీసాను గాల్లో వేలాడదీయండి. నాబ్‌ను కొద్దికొద్దిగా వదులు చేస్తూ, సీసా కుదుపు లేకుండా ఒకే వేగంతో దిగే చోట ఆపండి. ఆ స్థానం దగ్గర నాబ్ మీద మార్కర్‌తో చిన్న గీత గీయండి. సీసాను పైకి తీసి ఒక్కసారిగా వదలండి, అప్పుడూ స్పూలు వెంటనే కదలాలి. తర్వాత యాభై మీటర్ల లైను తీసేసి అదే సీసాతో మళ్లీ చూడండి. ఈసారి సీసా కదలకుండా నిలిచిపోతే, నాబ్ ఎంత వదులు చేస్తే మళ్లీ దిగుతుందో గమనించి రెండో గీత గీసుకోండి.